మా ఇంట్లో పిలవని పేర్లు

మా మనవరాలు హర్షిత పురిటికి వచ్చి మా ఇంట్లోనే ఉంది. మగపిల్లవాడు. ఇంకా పేరు పెట్టలేదు. పొద్దున వాడికి నలుగు పెట్టి, కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ పట్టి నేను పడుకోబెడతాను. అది పక్కన కూర్చుని ఫోనులో పేర్లు వెతుకుతుంది. "నాయనమ్మా, లియో అంటే లాటిన్‌లో సింహమంట. ఈథన్ అంటే హీబ్రూలో గట్టివాడంట. కియాన్ అంటే పర్షియా వాళ్ళ భాషలో రాజులంట, బాగుందా?" అంటుంది. "ఆ దేశాల రాజులు మన పేటకొచ్చి ఏం జేస్తారే?" అంటే నవ్వుతుంది. నిన్న ఉన్నట్టుండి నవ్వు ఆపి అడిగింది. "అది సరేగానీ, నాన్నకి సైదులు అని ఎందుకు పెట్టావు? మా అత్తగారి వైపు ఏ పెళ్ళికి పోయినా మీరు సాయిబులా అని అడుగుతున్నారు. నాన్ననడిగితే మీ నాయనమ్మనే అడగమంటాడు." నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. అందుకని, నేను చెబుతాను నువ్వు రాసుకో అన్నాను. రెండోసారి చెప్పించుకోవద్దని కూడా అన్నాను. ఇది రెండుసార్లు చెప్పగలిగే సంగతి కాదు.

ముందు నా పేరు చెప్పాలి. నా పేరు సైదమ్మ. మా ఊరు గురజాల పక్క. మా చిన్నప్పుడు పేర్ల కోసం ఎవరూ వెతుక్కునేవాళ్ళు కాదు, పేర్లు దేవుళ్ళ దగ్గర ఉండేవి. మాచర్ల చెన్నకేశవస్వామికి మొక్కితే చెన్నయ్య, చెన్నమ్మ. కోటప్పకొండకు మొక్కితే కోటయ్య, కోటమ్మ. ఏటి అవతల దర్గా ఉంది. పుట్టిన బిడ్డలు పుట్టినట్టు పోతుంటే అక్కడికి పోయి మొక్కుకునేవాళ్ళు. హిందువులైనా సరే, మొక్కి కన్న బిడ్డకు ఆ దర్గాలో ఉన్న సైదులు స్వామి పేరే పెట్టేవాళ్ళు. మగవాడైతే సైదులు, ఆడపిల్లయితే సైదమ్మ. ఎక్కడికీ పోలేని వాళ్ళు పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పెట్టి, పొరుగావిడ చేత చేటెడు నూకలకు కొనిపించి, పెంటయ్య అని పెట్టుకునేవాళ్ళు. పల్లెలో యేసుదాసులు, మరియమ్మలు ఉండేవాళ్ళు. ఎవరి పేరైనా వింటే ఆ తల్లి ఎక్కడికి నడిచిందో, ఎందుకు ఏడ్చిందో తెలిసేది. మా అమ్మ నాకు ముందు కన్న పిల్లలు ఒక్కరూ దక్కలేదు. చెప్పుల్లేకుండా నడిచి, ఏరు దాటి, దర్గా గడప మీద పడుకుని నన్ను తెచ్చుకుంది. సైదులు అనేది సయ్యదు అనే మాట నుంచి వచ్చిందట, దానికి అరబ్బులో దొర అని అర్థమట. హర్షిత ఇప్పుడే ఫోనులో చూసి చెప్పింది. దొరసానిని, నేను.

మా తాత పేరు చెన్నయ్య. ఆయన్ని చంపినప్పటికి నాకు పాలపళ్ళు ఊడుతున్నాయి. పొలానికి పోయే బండిబాట దగ్గర తగాదా. బాట మాది కాదు, వాళ్ళదీ కాదు. నాలుగు తరాలుగా అందరి బళ్ళూ పోయేవి. ఒక ఏడు అవతలి పొలం వాళ్ళు దానికి అడ్డంగా కంప వేశారు. తాత ఆ కంప లాగి పడేశాడు. మళ్ళీ వేశారు. మళ్ళీ లాగాడు. మూడోసారి కంప వెనక మనుషులున్నారు. తాతను గట్టు మీదనే నరికారు. అడ్డం పోయిన మా నాన్న కుడిచెయ్యి మోచేతి దగ్గర తోలుకు వేలాడుతుంటే మామ్మ తన కొంగు చించి కట్టింది. ఆ చెయ్యి బతికిందిగానీ ముద్ద కలపడానికి కూడా పనికిరాలేదు. తాతను తెచ్చిన బండిని మామ్మ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తనే బిందెలతో నీళ్ళు పోసి కడిగింది. చొప్పకు నెత్తురు అంటుకుని ఎండితే వచ్చే వాసన ఒకటి ఉంది. ఆ వాసన నాకు ఇప్పటికీ కొత్త చొప్ప కోస్తుంటే వస్తుంది. చంపించినవాడు అవతలి పొలం ఆసామి. మా కులపువాడే. పేరు సైదులు. వాళ్ళమ్మ కూడా నాలుగు కడుపులు పోగొట్టుకుని, అదే ఏరు దాటి, అదే గడప మీద పడుకుని వాణ్ణి తెచ్చుకుంది.

అప్పుడు పోయింది నా పేరు. తాత పెద్దదినం నాడు మామ్మ నట్టింట్లో నిలబడి, ఆ పేరు ఈ ఇంట్లో ఎవరి నోట వినపడ్డా నాలుక కోస్తానంది. మా అమ్మ మెల్లగా, "పిల్ల పేరు గదత్తా" అంది. "పిల్లకి ఇంకో పేరే దొరకలేదా? దీన్ని పిల్లా అని పిలువు, పాపా అని పిలువు, కుక్కని పిలిచినట్టు చ్చో అని పిలువు. ఆ పేరు మాత్రం వద్దు" అంది మామ్మ. ఆ రోజు నుంచి నేను పిల్లనే. పెళ్ళీడుకు వచ్చినా పిల్లనే. ఆ ఇంట్లో ఆ పేరు పలికే హక్కు ఒక్క మామ్మకే ఉండేది. తెల్లారగట్లనే చుట్ట ముట్టించి, నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని, వాకిలి ఊడుస్తూ తిట్టేది. ఆ ఇంటి దీపం ఆరాలి, ఆ ఇంటి కొడుకుల నెత్తురు కాకులు తాగాలి, సైదులూ, సైదులూ, సైదులూ అని చీపురు దెబ్బ దెబ్బకూ ఒకసారి. నేను దుప్పట్లో పడుకుని వినేదాన్ని. ఆ తిట్లలో ఎవరి పేరుందో నాకు తెలుసు. సగం నాదే.

తాత పోయిన కొన్ని నెలలకు తమ్ముడు పుట్టాడు. పగలో పోయినవాడి పేరు ఆ ఇంట్లో తర్వాత పుట్టిన మగపిల్లవాడికి పెట్టడం మా వైపు ఉండేది. పేరు నిలబెట్టడం అనేవాళ్ళు. పేరుతో పాటు పగ కూడా ఆ పసివాడి నెత్తికే వచ్చేది. తమ్ముడికి చెన్నయ్య అని పెట్టారు. పెట్టారుగానీ పిలిచేవాళ్ళు లేరు. మొగుడి పేరు మామ్మ పలకకూడదు, మామగారి పేరు అమ్మ పలకకూడదు. కన్నతండ్రి పేరుతో కొడుకును ఒరేయ్ అనడానికి నాన్నకు నోరు రాలేదు. అందరూ వాణ్ణి పెద్దాయన అనేవాళ్ళు. పాలు తాగే పిల్లవాణ్ణి మామ్మ ఒళ్ళో వేసుకుని, నడినెత్తిన ఆముదం పెట్టి, "ఏమయ్యా, లేచావా? పొలంబోవా?" అని మొగుడితో మాట్లాడినట్టు మాట్లాడేది. వాడు మట్టి తిన్నా అమ్మ కొట్టకూడదు. ఒకసారి వాడు నా జడ పట్టుకుని నేలకేసి ఈడిస్తే వీపు మీద ఒకటి వేశాను. మామ్మ కవ్వం తిరగేసి నన్ను కొట్టింది. "తాతని కొట్టే చెయ్యా ఇది?" అంది. మజ్జిగ నా మొహం నిండా చిందితే వాడు నా మొహం నాకి నవ్వాడు.

మా ఇంట్లో ఇద్దరు పిల్లలం, ఇద్దరికీ పేర్లున్నాయి, ఒకటి మర్యాద కొద్దీ పిలవరు, ఒకటి పగ కొద్దీ పిలవరు. దాని వల్ల ఏమవుతుందో మొదట తెలిసింది బళ్ళో. పంతులుగారు హాజరు పట్టీలో చెన్నయ్యా అని పిలిస్తే మా వాడు గోడ మీద బల్లిని చూస్తూ కూర్చున్నాడు. మళ్ళీ పిలిచారు. మళ్ళీ బల్లినే చూశాడు. ఈతబరికె తీసుకుని వీపు వాయించారు. ఏడుస్తూ ఇంటికొచ్చి, "చెన్నయ్య బడికి రాలేదని నన్ను కొట్టాడు మామ్మా" అన్నాడు. నాన్న ఆ రోజు చాలాకాలానికి నవ్వాడు. మామ్మ నవ్వలేదు. వాడు మీసాలు వచ్చే వయసుకు వచ్చినా అంతే. పెద్దాయనా అంటే వీధి చివర నుంచి పరుగెత్తుకొచ్చేవాడు. అసలు పేరు పిలిస్తే తల తిప్పేవాడు కాదు.

నాకు సంబంధం చూశారు. మాచవరం పక్క మనిషి, తల్లీ తండ్రీ లేనివాడు, ఇల్లరికం వస్తానన్నాడు. నాన్న చెయ్యి పోయింది కాబట్టి పొలానికి ఒక చెయ్యి కావాలి. ఆయన పేరు నేను చెప్పను. ఎన్నేళ్ళయినా నాకు నోరు రాదు. మా తాత పేరే ఆయన పేరు కూడా. మా వైపు ఏ వీధిలో రాయి విసిరినా ఆ పేరున్నవాడికే తగిలేది, అంతమంది ఉండేవాళ్ళు. చెన్ను అంటే అందమట. అందంగానే ఉండేవాడు, నల్లగా, పొడుగ్గా, పైపళ్ళు కాస్త ఎత్తుగా. మామ్మకు ఆ పేరు చూసే నచ్చాడు. పోయిన మనిషి ఇంటికి రెండు చేతులతో తిరిగొచ్చాడంది. పెళ్ళయిన మర్నాడు పొద్దున ఆయన మొహం కడుక్కుని వాకిట్లో నిలబడి, "సైదమ్మా, తువ్వాలివ్వు" అని గట్టిగా కేకేశాడు. ఇల్లంతా బిగుసుకుపోయింది. వంటింట్లో అమ్మ చేతిలోంచి గరిటె జారింది. మామ్మ చుట్ట తీసి, "అల్లుడా, ఆ పేరు ఈ ఇంట్లో పలకరు" అంది.

"ఏం, ఎందుకని?"

"ఆడి పేరది. నీ మామ చెయ్యి నరికినోడి పేరు."

ఆయన నా వైపు చూశాడు. మళ్ళీ మామ్మ వైపు చూశాడు. "మీ ఇంట్లో పేర్ల మీద కూడా కేసులున్నాయా ఏంది మామ్మా? పెళ్ళి పీటల మీద అయ్యవారు చెప్పిన పేరిదే. నేను వేరే పిల్లని చేసుకున్నానా?" అన్నాడు. అని మళ్ళీ అంతకంటే గట్టిగా పిలిచాడు. నేను తువ్వాలు తీసుకెళ్ళి ఇచ్చాను. అన్నేళ్ళకు ఒకరు నన్ను నా పేరుతో పిలిస్తే, ఒంటి మీద పాత దెబ్బల మీద ఎవరో చెయ్యి పెట్టినట్టుంది. ఆ తర్వాత రోజూ పిలిచేవాడు. పని ఉన్నా పిలిచేవాడు, లేకపోయినా పిలిచేవాడు. మామ్మ చెవుల్లో కొంగు కుక్కుకునేది.

తమ్ముడికి మూతి మీద నూనూగు రాగానే మామ్మ వాణ్ణి కమ్మరి కొలిమికి తీసుకుపోయింది. వాడి పిడికిలి కొలత ఇచ్చి వేటకొడవలి కొట్టమంది. ఇంట్లో చాటుగా చెప్పినా వేరు. కొలిమి అంటే ఊరంతా కూర్చునే చోటు. ముసలిది ఆ పేరు నిలబెట్టబోతుందని సాయంత్రానికల్లా పక్క ఊళ్ళకు పాకింది. సైదులు ఊళ్ళో లేడు. తాత చావు కేసు అయిపోయిన తర్వాత ఇల్లూ పొలం అమ్ముకుని శావల్యాపురం వైపు పోయి కాపరం పెట్టాడు. కబురు అక్కడికీ పోయింది. చెన్నయ్య మనవడు పెద్దవాడయ్యాడు, చెన్నయ్య పేరే, కొడవలి కొట్టించుకున్నాడు అని. వాడు మా తమ్ముడి మొహం ఎన్నడూ చూడలేదు. వాడికి తెలిసింది పేరొక్కటే.

మిరపకాయలు కల్లంలో ఆరబోసి ఉన్నాయి. నడిపొద్దు. ఎర్రగా కళ్ళు మండే ఎండ, ముక్కు మండే ఘాటు. అందరం తలగుడ్డలు కట్టుకుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నాం. నాకు నెలలు నిండుతున్నాయి. వంగలేక ఒక పక్కన కూర్చుని ఏరుతున్నాను. కల్లం అంచున తమ్ముడు. నడుమ ఆయన, కాళ్ళతో కాయలు తిరగేస్తున్నాడు. బాట మీద ఒక ట్రాక్టరు ఆగి నలుగురు మనుషులు దిగారు. కాయల బేరానికి వచ్చినవాళ్ళనుకున్నాం. ఒకడు గుప్పెడు కాయలు తీసి గలగలలాడించి చూశాడు కూడా. "కాయ బాగుందే. ఈ కల్లం ఎవురిదమ్మా?" అన్నాడు. అమ్మ తాత పేరు పలకదు కదా, పెద్దాయనదని చెప్పింది. వాడు కాయలు కింద పడేసి, గొంతు పెంచి పిలిచాడు. "చెన్నయ్యా!"

తమ్ముడు తల ఎత్తలేదు. ఎప్పుడూ ఎత్తడు. వాడికి అది చచ్చిపోయిన తాత పేరు. ఎవరో తాతను అడుగుతున్నట్టు ఏరుకుంటూ కూర్చున్నాడు. నడుమ ఉన్న మనిషి తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని, "నేనేనయ్యా. ఏందీ సంగతి?" అని రెండడుగులు ముందుకొచ్చాడు. బేరానికి వచ్చినవాళ్ళకు చెంబెడు మంచినీళ్ళు ఇప్పిద్దామనుకున్నాడేమో, నా వైపు తిరిగి "సైదమ్మా" అన్నాడు. ఆ తిరగడంలోనే మెడ మీద పడింది మొదటి దెబ్బ. రెండోది భుజం మీద. చెయ్యి అడ్డం పెడితే వేళ్ళు ఎగిరి కాయల్లో పడ్డాయి. ఎర్ర కాయల మీద ఎర్ర నెత్తురు కనపడదు. కాయలు తడిసి నల్లబడుతుంటే అప్పుడు తెలుస్తుంది. నేను పాకుతూ పోయి ఆయన మీద పడ్డాను. ఒకడు నా జుట్టు పట్టి పక్కకు లాగాడు. కడుపు చూసి ఆగిపోయాడు. పడినవాడి మీద ఇంకా కొట్టారు. మాంసం కొట్టేటప్పుడు వచ్చే చప్పుడే వచ్చింది. నెత్తుట్లో మిరప ఘాటు కలిసి నా కళ్ళు మూసుకుపోయాయి. చివరిసారి ఆయన మొహం నేను చూడలేకపోయింది కన్నీళ్ళ వల్ల కాదు, మిరపకాయల వల్ల. తమ్ముడు కల్లం అంచున అట్లాగే కూర్చుని ఉన్నాడు. చేతిలో తాలుకాయ అట్లాగే ఉంది.

పోయేటప్పుడు వాళ్ళు, "చెన్నయ్య పీడ వదిలింది" అనుకుంటూ పోయారు. పొరపాటు జరిగిందని వాళ్ళకు ఊరు దాటేదాకా తెలియదు. కేసు ఆ తర్వాత చాలాకాలం నడిచింది, కోర్టుల చుట్టూ తిరిగాం. పంపినవాడికీ వచ్చినవాళ్ళకూ సంబంధం రుజువు కాలేదని సైదులును వదిలేశారు. ఆయన పెద్దదినం నాడు నా గాజులు పగలగొట్టారు, బొట్టు తుడిచారు. నన్ను పిల్లా అని పిలిచే ఇంట్లో మళ్ళీ పిల్లనే అయ్యాను. తమ్ముడు అన్నం మానేశాడు. అక్కా, పిలిచింది నన్నే గదా అని ఒకసారి అన్నాడు. మళ్ళీ అనలేదు. కొడవలి తీసి రోజూ నూరేవాడు. రాతి మీద ఇనుము అరుగుతుంటే నా కడుపులో బిడ్డ కదిలేది. మామ్మ మాత్రం నెమ్మదిగా ఉంది. నా కడుపు మీద చెయ్యేసి, "మగపిల్లోడే. ఒక్కడి పేరు కాదు, ఇద్దరి పేరు నిలబెడతాడు. పెద్దాయన చేయలేకపోతే ఈడు జేస్తాడు" అంది. అప్పుడు నాకు భయం వేసింది. మొగుడు చచ్చినప్పుడు కూడా అంత భయం వేయలేదు. ఇంకా పుట్టని వాడికి, వాడి తండ్రి చావుకు కారణమైన పేరు సిద్ధంగా ఉంది. ఆ పేరు పెడితే వాడిని ఎవరైనా ఎక్కడైనా పిలవొచ్చు. కల్లంలో పిలవొచ్చు. బళ్ళో పిలవొచ్చు.

మగపిల్లవాడే పుట్టాడు. బారసాల నాడు చుట్టాలు వచ్చారు. పళ్ళెంలో బియ్యం పోశారు. తండ్రి కూర్చోవలసిన చోట మేనమామ కూర్చున్నాడు. తమ్ముడి చేతికి ఉంగరం ఇచ్చి బియ్యంలో పేరు రాయమన్నారు. నన్ను నట్టింట్లోకి రానివ్వలేదు, గుమ్మం ఇవతల కూర్చోబెట్టారు. బిడ్డ నా ఒళ్ళోనే ఉన్నాడు. "రాయి పెద్దాయనా, నీ పేరే రాయి" అంది మామ్మ. తమ్ముడు ఉంగరం బియ్యంలో పెట్టాడు. నేను గుమ్మం దాటి లోపలికొచ్చాను. బిడ్డ చెవిలో నోరు పెట్టి, చెవిలో చెప్పే మాట ఊరందరికీ వినిపించేట్టు అరిచాను. "సైదులు. నా కొడుకు పేరు సైదులు."

మామ్మ ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత పక్కనున్న ఇత్తడి చెంబు తీసి విసిరింది. అది నా నుదుటి మీద, బొట్టు చెరిపిన చోటుకు కాస్త పైన తగిలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. నెత్తురు కారి బిడ్డ మొహం మీద పడింది. "మొగుణ్ణి మింగి ఇప్పుడు పగోడి పేరు పెడతావే లంజా! ఆడి పేరు నా ఇంట్లో పిలుస్తావే!" అని మీదకొచ్చింది. జుట్టు పట్టుకుంది. బిడ్డను కింద పడనివ్వకుండా నేను ఆమె మణికట్టు కొరికాను. అమ్మ మధ్యలోకి వచ్చి కింద పడింది. చుట్టాలు లేచి నిలబడ్డారు. ఎవరో పేరు మార్చమ్మా, మంచి పేరు పెట్టమ్మా అన్నారు.

"ఆడి పేరు కాదు" అన్నాను. "నా పేరు. మా అమ్మ కాళ్ళు పగిలేట్టు నడిచి తెచ్చుకున్న పేరు. ఆడు మా తాతని తీసుకుపోయాడు. నా మొగుణ్ణి తీసుకుపోయాడు. నా పేరు కూడా ఆడికే ఇచ్చేసి ఇన్నేళ్ళు నన్ను చ్చో అని పిలిచారు. ఇంక ఇవ్వను. నా మొగుడు చచ్చేప్పుడు ఆయన నోట్లో ఉన్నది ఈ పేరే." తమ్ముడి వైపు తిరిగాను. "రాయరా. రాసి, ఆ తర్వాత నీ కొడవలి నూరుకో. సైదులుని నరుకుతానని రోజూ అంటావు గదా, ఇదిగో సైదులు, ఈడిని ఎత్తుకుని అను."

ఆ ఇంట్లో ఎప్పుడూ తల తిప్పనివాడు తల ఎత్తి నన్ను చూశాడు. బిడ్డ మొహం మీద నా నెత్తురు చూశాడు. మామ్మ, వద్దు నాయనా, వద్దు పెద్దాయనా అంటూ నేల మీద చేతులేసి కొట్టుకుంటుంది. మొదటిసారి బియ్యం చెదిరాయి. చెరిపి మళ్ళీ రాశాడు. నాకు చదువు రాదుగానీ, వాడు రాసిన ఆకారాలు ఆ బియ్యంలో ఎట్లా ఉన్నాయో ఇప్పుడు కూడా వేలితో గీసి చూపించగలను.

శాంతి కోసం పెట్టానని తర్వాత ఊళ్ళో పెద్దమనుషులు మెచ్చుకున్నారు. శాంతి లేదు, గీంతి లేదు. కోపంతో పెట్టాను. కానీ కోపంతో పెట్టినా అది చేసే పని అది చేసింది. ఇంట్లో పసివాడు ఉంటే రోజుకు ఎన్నిసార్లు పిలవాలి! సైదులు పాలు తాగాడా, సైదులుకు జ్వరమా, సైదులు గడప దాటాడు చూడండి. మొదట అమ్మ పిలిచింది, తర్వాత నాన్న పిలిచాడు. తమ్ముడు ఆ కొడవలితో కంప కొట్టడం మొదలుపెట్టాడు. మామ్మ తన పొద్దుటి తిట్లు తిట్టబోయి పేరు దగ్గరికొచ్చేసరికి ఆగిపోయేది. మంచంలో వాడు నిద్రపోతుంటాడు. ఆ పేరు పెట్టి కాకులు తాగాలి, దీపం ఆరాలి అనడానికి ఆమెకు నోరు రాలేదు. చీపురు చప్పుడు ఒక్కటే వినపడేది. ఆమె నాతో మాట్లాడలేదు, చచ్చేదాకా మాట్లాడలేదు. వాడికి మాత్రం మీగడ తీసి పెట్టేది. పేరు లేకుండా, "ఇదిగో, ఇట్రా" అని పిలిచి పెట్టేది.

వాడు చొక్కా గుండీలు తనే పెట్టుకునే వయసులో సత్తెనపల్లి బస్టాండులో నా చెయ్యి విదిలించుకుని వేరుశనక్కాయల బండి దగ్గరికి పరుగెత్తాడు. బస్సు వెనక్కి వస్తుంది. "ఒరేయ్ సైదులూ!" అని అరిచాను. నా ముందు సిమెంటు బల్ల మీద అటు తిరిగి కూర్చున్న ముసలాయన ఒకడు ఉలిక్కిపడి లేచి, ఇటు తిరిగాడు. కోర్టులో చూసిన మొహం. బుగ్గలు లోపలికి పోయాయి.

"ఎవురూ? నన్నేనా పిలిచింది?"

"నా కొడుకుని."

కాసేపు నన్ను చూశాడు. పోల్చుకున్నాడు. "నువ్వా? నా పేరు పెట్టుకున్నారంటగా" అన్నాడు. గొంతు తగ్గించి, "ఎందుకమ్మా? ఏమన్నా చేతబడి చేపిచ్చారా? ఆ కబురు తెలిసినకాడి నుంచి నాకు తిండి సయించట్లా. ఎవుడు పిలిచినా ఎనక్కి తిరగబుద్ధి గాదు. ఇప్పుడు గూడా ఆడమనిషి గొంతు గదా అని తిరిగా. మార్చుకో తల్లీ. ఏదన్నా మంచి దేవుడి పేరు పెట్టుకో" అన్నాడు.

నా చేతిలో సంచి తప్ప ఏమీ లేదు. ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు, ఇప్పటికీ తెలియదు. అంత దగ్గరగా నిలబడ్డాడు. మెడ మీద నరం కనపడుతుంది. ఒక మనిషి తల తిప్పడానికి ఎంతసేపు పడుతుందో, ఆ లోపల ఏం చేయొచ్చో నాకు తెలుసు. "మంచి దేవుడి పేరే ఇది. నీకూ నాకూ మన అమ్మలు ఒక్క గడప మీదే పడుకుని తెచ్చారు" అన్నాను. "నువ్వు పలక్కపోతే మానుకో. నా కొడుకు పలుకుతాడు." వాడు శనక్కాయలు నోట్లో పోసుకుంటూ వచ్చి నా కొంగు పట్టుకున్నాడు. ఆ ముసలాయన ఆ చిన్నపిల్లవాణ్ణి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. తర్వాత ఒకటి రెండేళ్ళకు మంచాన పడి పోయాడని విన్నాను. విన్న రోజు కూడా నేను అన్నం తిన్నాను.

ఇప్పుడు పేర్లు ఎక్కడెక్కడి నుంచో వస్తున్నాయి. లాటిన్ అంట, హీబ్రూ అంట. ఆ పేరుతో ఎవరు నడిచారో, ఎవరు చచ్చారో ఎవరికీ తెలియదు. వీళ్ళ బారసాలలకు హాలు మాట్లాడతారు, బెలూన్లతో పేరు కడతారు, చప్పట్లు కొడతారు. ఆ పేరు విని ఎవరి గుండే ఆగదు. మొదట్లో నాకు నవ్వొచ్చేది, ఇంత తేలికైన పేర్లేందీ, ఊదితే ఎగిరిపోయేట్టున్నాయి అని. ఇది రాయిస్తుంటే ఆ నవ్వు పోయింది. తేలికగా ఉండటం తప్పు కాదు. మా పేర్లు మోయలేక మేం వంగిపోయాం. పొద్దున హర్షిత కళ్ళు తుడుచుకుని, "తాతయ్య పేరు కలిసేట్టు ఏదన్నా పెట్టనా నాయనమ్మా? ఆయన పేరు మన ఇంట్లో ఎవరికీ లేదుగదా" అంది. పిల్ల మనసు మంచిది. వద్దన్నాను. ఆయన పేరు నా దగ్గర ఉంది, నేను పోయేటప్పుడు తీసుకుపోతాను. "మరి ఏ పేరు పెట్టమంటావు?" అంది. పసివాడు నా కాళ్ళ మీద పడుకుని సాంబ్రాణి పొగకు తుమ్ముతున్నాడు. వీడింకా ఎవరి మనవడూ కాదు, ఎవరి పగా కాదు. ఎవడైనా కల్లం గట్టున నిలబడి గొంతు చించుకుని అరిచినా, వీడు తిరిగి చూడవలసిన పని లేదు.

"తొందరేముందే" అన్నాను. "బారసాల దాకా ఉండనీ. ఈ నాలుగు రోజులన్నా వీణ్ణి ఎవరూ పిలవకుండా ఉండనీ."